తీగె కావలికి అభయపత్రము

(మొన్న ఆదివారము సాయంకాలమున పఠనమందిర సభయందు మేము చేసిన యుపన్యాసమును, సభ్యులు కోరిన మీదట, ఇచ్చట ప్రకటించుచున్నాము.)



నేడు మేము మాటలాడనున్న విషయమును విని కొందరు మిత్రులు విస్మయపడిరి. అమెరికా దేశపు టెలిఫోను కంపెనీలమీద అచ్చటి ప్రజలు దావాలు వేయుటయేమి, ఆ దావాలను అచ్చటి శాసనసభయే చట్టము చేసి మాన్పించుటయేమి, ఈ తగవుతో మనకేమి పని యని వారి ప్రశ్న. ఒక మిత్రుడు ఇంకొక యడుగు ముందునకు వేసి, "అయ్యా, నేను ఫోనులో దొంగమాట లాడువాడను కాను. ఎవరు విన్నను నాకేమి?" యని యడిగెను. ఈ రెండవ ప్రశ్నకు తరువాత వత్తుము. మొదటి ప్రశ్నకు సమాధానము ఈ సభలోనే కూర్చుండియున్నది. గుంటూరునందో కరీంనగరమునందో ఒక తల్లి రాత్రి భోజనములైన పిదప న్యూజెర్సీలోని కుమారునితో మాటలాడును. కోడలి ఆరోగ్యము, మనుమని చదువు, ఊరిలోని పొలము తగవు, అన్నియు ఆ మాటలలో నుండును. ఆ మాట సముద్రగర్భములోని తీగెలమీదుగా పోయి అమెరికా గట్టున నేదో యొక కంపెనీవారి భవనమున ప్రవేశించును. అట్టి భవనములలో ఏమి జరిగినదనునదే నేటి మా విషయము. 2001వ సంవత్సరమున ఆ దేశాధ్యక్షుడు న్యాయస్థానపు టుత్తరువు లేకుండ వినుమని తన గూఢచారి శాఖ కనుజ్ఞ యిచ్చినది ఇట్టి సంభాషణలకే. అనగా ఒక కొన అమెరికాలోను, మఱియొక కొన పరదేశములోను ఉండి, మాటలాడువారిలో నొకరికి అల్ ఖాయిదాతో సంబంధము కలదని శాఖవారు తలచిన సంభాషణలకు. ఫలానా తల్లి మాట వినిరని మేము చెప్పము. వినిరో లేదో తెలిసికొనుటకు దారి లేకుండ చేసిరని మాత్రము చెప్పగలము. ఆ దారి యెట్లు మూసిరో వినుడు.

కథ 1928లో నారంభించుట మేలు. సియాటిల్ పట్టణమున ఓల్మ్‌స్టెడ్ అను నొక దొంగసారా వ్యాపారి యుండెను. ప్రభుత్వోద్యోగులు అతని యింటిలో కాలు పెట్టకుండ, వీథిలోని తీగెకు తమ తీగె తగిలించి నెలల తరబడి వినిరి. వినినదానిని వ్రాసికొనగా 775 పుటలైనది. ఇల్లు చొచ్చి సోదా చేయలేదు కావున రాజ్యాంగమునకు భంగము లేదని సుప్రీముకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి తీర్పు చెప్పెను. ఆ నలుగురిలో జస్టిస్ బ్రాండైస్ వ్రాసిన భిన్నాభిప్రాయము నేటికిని న్యాయవాదులు చదువుకొనునది. ఐతే మేము మీకు చూపదలచినది దానిని గాదు. ఆ కేసులో టెలిఫోను కంపెనీలు తమంతట తాము కోర్టునకు వచ్చి ఒక నివేదిక దాఖలు చేసినవి. ఆ నివేదిక యెవరి పక్షముననో యూహింపుడు. ప్రభుత్వ పక్షమున గాదు! టెలిఫోననునది దూరముననున్న ఇరువురు ఒక గదిలో కూర్చున్నట్లు ఏకాంతముగా మాటలాడుకొనుటకై కలిగినదనియు, మూడవవాడు నడుమ చెవి పెట్టిన యెడల మాటలాడువారి హక్కునకును కంపెనీ హక్కునకును గూడ భంగమనియు వారు వాదించిరి. సారావ్యాపారి యని వెనుదీయలేదు. తమ తీగె యెంత విశ్వాసపాత్రమో తమ వ్యాపారమంత యని వారెఱుగుదురు. ఆ విజ్ఞాపన నాడు ఓడినది. 1967లో కాట్జ్ అనువాని కేసున సుప్రీముకోర్టు పూర్వపు తీర్పును త్రోసివేసి, వీథిలోని టెలిఫోను పెట్టెలో తలుపు మూసికొని మాటలాడువానికిని రాజ్యాంగరక్షణ కలదని యొప్పుకొనెను.

1928లో కోర్టు మెట్లెక్కి ప్రజలపక్షమున నిలిచిన కంపెనీజాతి, యుద్ధము వచ్చుసరికి వేఱొక మార్గము పట్టినది. 1945లో సైన్యపు గూఢలిపి శాఖవారు దేశాంతర తంతివార్తలు పంపు మూడు పెద్ద కంపెనీల కడకు పోయి, ప్రతులిమ్మని యడిగిరి. కంపెనీల వకీళ్లు ఇది చట్టవిరుద్ధమనిరి. యజమానులు వకీళ్ల మాటను పెడచెవిని పెట్టిరి గాని, భయము మాత్రము విడువలేదు. మమ్ము జైలునకు పంపరుగదా యని పదేపదే హామీ యడిగిరి. 1947 డిసెంబరులో రక్షణ మంత్రి ఫారెస్టల్ వారిని పిలిపించి, ఈ ప్రభుత్వ మున్నంతకాలము మీమీద కేసు నడువకుండ చూతుమని నోటిమాట యిచ్చెను. 1949లో తరువాతి మంత్రి జాన్సను ఆ మాటనే మరల చెప్పెను. ఆ రెండు నోటిమాటల యాధారముతో ముప్పది సంవత్సరములు పని నడచినది! మనిషి న్యూయార్కునకు పోయి వార్తల టేపులను తెచ్చుటయు, నకలు తీసికొని మరల నిచ్చుటయు నిత్యకృత్యమాయెను. దీనికి షామ్‌రాక్ అని ముద్దు పేరు. 1975లో సెనేటరు చర్చ్ అధ్యక్షతనున్న విచారణ సంఘము దీనిని బయట పెట్టునప్పటికి, నెలకు లక్షన్నర తంతివార్తలను శాఖవారు పరిశీలించుచున్న దశ వచ్చియుండెను. పరదేశపు రాయబారుల తంతులకై మొదలైన పని స్వదేశపు యుద్ధవ్యతిరేకుల పేరుల జాబితాకు చేరినది.

ఈ చరిత్రనుండి ఆ దేశపు శాసనసభ ఒక పాఠము నేర్చినది. న్యాయముగా నేర్చినదని యొప్పుకొనవలెను. 1978లో విదేశ గూఢచర్య విషయమై యొక చట్టము చేసి, వినదలచిన ప్రభుత్వము మొదట నొక ప్రత్యేక న్యాయస్థానమునుండి యుత్తరువు పొందవలెననిరి. కంపెనీల సంగతి కూడ తేటపరచిరి. న్యాయస్థానపు టుత్తరువు గాని, ఉత్తరువు అక్కఱలేదని అటార్నీ జనరల్ స్వహస్తముతో వ్రాసిన ధ్రువపత్రము గాని చూపిన కంపెనీమీద ఏ దావాయు నిలువదు. ఆ రెంటిలో నొకటియు లేకుండ తీగె నప్పగించిన కంపెనీ నష్టపరిహార మీయవలసినదే. సోదరులారా, ఈ యొక్క సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనిన చాలును. మిగిలిన వాదమంతయు దీనిమీదనే నిలిచియున్నది. కాగితమున్న కంపెనీకి 1978 నుండియే రక్షణ యున్నది. 2008లో క్రొత్తగా రక్షణ కావలసి వచ్చినదెవరికి?

2001 సెప్టెంబరు 11న జరిగిన ఘోరమును మేము తక్కువచేసి చెప్పము. మూడువేలమందికి దగ్గరగా నిరపరాధు లొక్క ఉదయమున మరణించిరి. ఆ వారములో ఏ కంపెనీ యధికారి యైనను ప్రభుత్వము చేయి చాచిన కాదనలేకపోయెనన్న, మేమును వానిని గట్టిగా నిందింపజాలము. కాని ఆ పని ఒక వారముతో ముగియలేదు. ఒక సంవత్సరముతోను ముగియలేదు. ప్రత్యేక న్యాయస్థానము పిలిచిన పలుకు దూరమున నుండగా, దానిని తప్పించి, నలువది యయిదు దినముల కొకమారు దేశాధ్యక్షుడు సంతకము చేయుటయు, కంపెనీలకు లేఖలు పోవుటయు అయిదేండ్లు సాగినది. 2005 డిసెంబరులో న్యూయార్కు టైమ్సు పత్రిక దీనిని బయట పెట్టినది. పెట్టుటకు ముందు ప్రభుత్వము కోరగా సంవత్సరమునకు మించి అట్టిపెట్టినది గూడ. పత్రికావ్రత్తియందున్న మాకు ఈ రెండవ సంగతి మొదటిదానికంటె నెక్కువ బాధ కలిగించినది.

అటుపిమ్మట ఒక సామాన్యుడు ముందునకు వచ్చెను. మార్కు క్లైన్ అనునతడు ఇరువది రెండేండ్లు ఏటీ అండ్ టీ కంపెనీలో పనిచేసి 2004లో విశ్రాంతి గైకొనిన సాంకేతికుడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫోల్సమ్ వీథిలోని 611వ నంబరు భవనమున, ఆఱవ అంతస్తునందు 641ఏ అను గది యొకటి కట్టిరి. కంపెనీలో పనిచేయు మామూలు సాంకేతికులకు ఆ గదిలోనికి ప్రవేశము లేదు. గూఢచారి శాఖ యనుమతి గలవాడే పోవలెను. ఐతే దానికి పోవు తీగెలను కలుపవలసినది క్లైన్ వంటివారే. గాజుతీగెలలో వెలుగు రూపమున పోవు మాటను రెండు పాయలుగా చీల్చు సాధనము నచ్చట పెట్టిరి. ఒక పాయ తన దారిని తాను పోవును. రెండవ పాయ గదిలోనికి పోవును. చీల్చు సాధనమునకు ఇది ఉగ్రవాది మాట, ఇది తల్లి మాట యను భేదము తెలియదు. తీగెలో వచ్చినదంతయు రెండగును. క్లైన్ తనవద్దనున్న కాగితములను తీసికొని 2006 జనవరిలో పౌరహక్కుల సంఘమువారి కార్యాలయపు తలుపు తట్టెను. ఆ నెలాఖరుననే ఏటీ అండ్ టీ మీద దావా దాఖలైనది. త్వరలోనే అట్టివి నలువదివరకు దేశమంతట లేచినవి.

కంపెనీ పక్షపువారు ప్రభుత్వము చట్టబద్ధమనగా నమ్మితిమనిరి. న్యాయమూర్తి వాకర్, బుష్ అధ్యక్షుని తండ్రి తానధ్యక్షుడుగా నుండగా నియమించిన వాడే, 2006 జూలైలో ఆ వాదమును త్రోసిపుచ్చెను. కంపెనీ యారోపిత కార్యము చట్టబద్ధమని దాని స్థానమున నున్న వివేకవంతు డెవ్వడును నమ్మజాలడని యతని యభిప్రాయము. దావా నడువవలసినదే యని యుత్తరువిచ్చెను.

ఈ నమ్మితిమను మాటయందెంత సత్యమున్నదో చూచుటకు రెండు సంగతులు చాలును. క్వెస్ట్ అను నొక కంపెనీ యుండెను. దాని యధిపతి నాకియో, న్యాయస్థానపు కాగితము చూపుమని యడిగి, చూపనందున వినియోగదారుల కాల్ జాబితాల నీయ నిరాకరించెను. ఈయన మహాత్ముడని మేమనము. తరువాత వాటాల వ్యాపారపు నేరమున 2007లో శిక్షపడినవాడు. కాని కాగితమేదని యడుగుటకు మహాత్ముడు కానక్కఱలేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? రెండవది 2004 మార్చి నాటిది. అటార్నీ జనరల్ ఆష్‌క్రాఫ్టు ఆసుపత్రిలో పడకమీద నుండగా, ఈ పనిని ధ్రువపరచుమని అధ్యక్షభవనపు పెద్దలు రాత్రివేళ అతని గదికి పోయిరి. అతడు సంతకము చేయలేదు. అతని స్థానమున పనిచూచుచున్న కోమీయు చేయలేదు. మఱునాడు ఆ స్థలమున అధ్యక్షుని స్వంత న్యాయసలహాదారు సంతకముతో కాగితము బయలుదేరెను. కొన్ని వారములు కంపెనీల చేతిలో నున్నది ఆ కాగితమే! చట్టము అటార్నీ జనరల్ సంతకమని స్పష్టముగా చెప్పియుండగా, లక్షలు జీతము తీయు వకీళ్లు గల కంపెనీలకు ఈ వ్యత్యాసము కనబడలేదట. మన పట్టణమున ఆస్తి రిజిస్ట్రీ చేయించు గుమాస్తా యైన కనిపెట్టియుండును.

ఇక 2008. దావాలు నడచిన సత్యము బయటికి వచ్చునను భయము బలమైనది. కంపెనీలకు వెనుకటి కాలమునకు వర్తించు రక్షణ యీయవలెనని ప్రభుత్వము పట్టుపట్టెను. ఈ వాదమునకు సెనేటు గూఢచర్య సంఘాధ్యక్షుడు రాక్‌ఫెల్లరు ప్రతిపక్షమువాడయ్యును సహాయుడాయెను. దేశభక్తితో సహాయము చేసినవానిని కోర్టుల చుట్టు త్రిప్పిన, రేపు ఆపద వచ్చినపుడెవ్వడు సహాయపడునని వారనిరి. ఇది తేలికగా త్రోయదగిన మాట కాదు. అందుకే కొందరు సెనేటరులు మంచి యుపాయమొకటి చెప్పిరి: కంపెనీని విడువుడు, దాని స్థానమున ప్రభుత్వమే ప్రతివాదిగా నిలువవలెను, దావా మాత్రము నడువనిండు. కంపెనీకి ఒక్క డాలరు నష్టములేదు, సత్యము తేలును. నిజముగా కంపెనీమీది కరుణయే కారణమైన యెడల దీనిని చేతులెత్తి యంగీకరింపవలసినది గదా! ఆ సవరణ 2008 ఫిబ్రవరిలో ఓడిపోయెను. రక్షణ కావలసినది కంపెనీకి గాదనియు, కంపెనీ వెనుక నిలుచున్న వారికనియు మేము నమ్ముటకు ఇదియే కారణము.

డాడ్, ఫైన్‌గోల్డ్ అను సెనేటరులు తుదివరకు పోరాడిరి. జూను 20న ప్రతినిధిసభ 293 వోట్లకు 129 వోట్లతోను, జూలై 9న సెనేటు 69కి 28తోను చట్టమును నెగ్గించెను. మఱునాడే బుష్ సంతకము చేసెను. అధ్యక్షపదవికి పోటీచేయుచు ఇట్టి బిల్లును అడ్డగింతునని వాగ్దానము చేసిన ఒబామా దానికి అనుకూలముగ వోటిచ్చెను. పార్టీల మాట యిక్కడ వ్యర్థము. అధికారమునకు దగ్గర పడినకొలది కాగితమేదని యడుగు నోరు చిన్నదగుట అన్ని దేశములయందు మనము చూచునదే.

చట్టములోని పద్ధతి చిత్రమైనది. 2001 సెప్టెంబరు 11 మొదలు 2007 జనవరి 17 వరకు జరిగిన సహాయము అధ్యక్షుడనుమతించినదనియు, చట్టబద్ధమని కంపెనీకి వ్రాతమూలముగా చెప్పిరనియు అటార్నీ జనరల్ కోర్టునకు ధ్రువీకరించిన చాలును, దావా కొట్టివేయవలెను. ఆ పని నిజముగా చట్టబద్ధమా యని న్యాయమూర్తి విచారింప నక్కఱలేదు. చట్టబద్ధమని చెప్పిరా యని మాత్రమే చూడవలెను! దొంగతనమా కాదా యను విచారణ పోయి, దొంగతనము కాదని యెవరైన చీటి వ్రాసి యిచ్చిరా యను విచారణ వచ్చినది. ఆ చీటిని గూడ రహస్యముగా చూపవచ్చును. 2009 జూనులో అదే వాకర్, చేయునది లేక, దావాలను కొట్టివేసెను. పై కోర్టు 2011 డిసెంబరులో దానిని ఖాయపరచెను. 2012 అక్టోబరులో సుప్రీముకోర్టు వినుటకే నిరాకరించెను. కంపెనీల కథ అక్కడికి ముగిసినది.

పోనిండు, ప్రభుత్వముమీదనే దావా వేయరాదా యని మీరడుగవచ్చును. వేసిరి. 2006లో డెట్రాయిటునందొక న్యాయమూర్తి ఈ వినుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పే చెప్పెను. పై కోర్టు 2007లో దానిని రద్దు చేసెను. పని న్యాయమైనదని గాదు, మీ మాటలే వినిరని మీరు రుజువు చేయలేదు కావున మీకు దావా హక్కు లేదని. వినినట్లు రుజువేది? రహస్యము. రహస్యమును బయట పెట్టుమనిన? దేశరక్షణకు భంగము. కంపెనీమీది దావాలో క్లైన్ వంటి సాక్షి యుండెను, తీగె యుండెను, గది యుండెను. అందుచేతనే ఆ తలుపును చట్టము చేసి మూసిరి.

ఈ కథ చదువునపుడు మాకు 1919 జ్ఞప్తికి వచ్చినది. పంజాబులో సైనికశాసనపు దినములయందు జరిగిన దారుణములపై హంటరు సంఘము ఒక్క సాక్షినైన విచారింపక పూర్వమే, సెప్టెంబరు నెలలో ఢిల్లీ ప్రభుత్వము సిమ్లా సభయందు ఇండెమ్నిటీ చట్టమును నెగ్గించుకొనెను. సద్బుద్ధితో చేసిన యుద్యోగులపై దావా లేదని దాని సారము. పండిత మాలవీయగారు గంటలకొలది నిలువబడి ముందు విచారణ, పిదప క్షమ యని వాదించిరి. జలియన్‌వాలాబాగును టెలిఫోను తీగెతో పోల్చుటకు మాకంత సాహసము లేదు. నెత్తురునకును మాటకును పోలిక యేమి? పోలినది వరుస మాత్రమే. తప్పేమో తేలక మునుపు తప్పును మన్నించుట, మన్నించుటకు గాక తేలకుండుటకే యుపయోగపడును.

ఇక మా మిత్రుని ప్రశ్న. దొంగమాట లాడనివానికి భయమేల? మార్టిన్ లూథర్ కింగుగారి టెలిఫోనును 1963 మొదలు అమెరికా ప్రభుత్వపు పోలీసులు అటార్నీ జనరల్ అనుమతితోనే వినిరి. ఆయన దొంగమాట లేమియు వినబడలేదు. గృహచ్ఛిద్రములను వెదకి ఆయనను అవమానించుటకు పనికివచ్చు మాటలు మాత్రము వినబడెను. పోనిండు, ఆయన గొప్పవాడు. 2013లో సుప్రీముకోర్టు ఒక్క వోటు తేడాతో కొట్టివేసిన మఱియొక వ్యాజ్యమున వాదులుగా నున్నది వకీళ్లు, పత్రికలవారు, మానవహక్కుల సంఘములవారు. పరదేశములలోని కక్షిదారులతో ఫోనులో మాటలాడ భయపడి విమానమెక్కి పోవలసి వచ్చుచున్నదని వారి మొర. అది మీరు చేతులార తెచ్చిపెట్టుకొనిన ఖర్చని కోర్టు చెప్పెను. ఆ తీర్పు వచ్చి మూడు నెలలు దాటిన పిదప, జూనులో, స్నోడెన్ అను యువకుని మూలమున వెరిజాన్ కంపెనీ కోట్లకొలది వినియోగదారుల కాల్ జాబితాలను దినదినము అప్పగించుచున్నదని లోకమునకు తెలిసినది. ఓ మిత్రమా, నీ మాటలో రహస్యము లేకపోవచ్చును. నీ తగవును నడపు వకీలు మాటలో నున్నది. నీ యూరి కాంట్రాక్టరు గుట్టు పత్రికవానికి చెప్పు చిన్న గుమాస్తా మాటలో నున్నది. వారు మాటలాడుట మానిన, నష్టము నీది.

మన యింటి సంగతి చెప్పక ముగించిన మీరు మమ్ము క్షమింపరు. మన తంతిచట్టము 1885 నాటిది, తెల్లదొర చేసినది. దానిలో అయిదవ సెక్షను ప్రభుత్వమునకు వినుటకు అధికారమిచ్చెను. ఐనను ఆ చట్టమే, అక్రమముగా వార్తను పట్టిన లేక బయటపెట్టిన తంతియుద్యోగికి మూడేండ్ల వరకు ఖైదు విధించెను. తీగెకాపరి భయపడవలెనని పరదేశ ప్రభువునకు గూడ తోచినది! 1996 డిసెంబరులో మన సుప్రీముకోర్టు, పౌరహక్కుల సంఘమువారు తెచ్చిన కేసున, టెలిఫోను వినుట వ్యక్తిస్వాతంత్ర్యమునకు భంగమనియు, హోం కార్యదర్శి వ్రాతపూర్వకమైన యుత్తరువు లేక వినరాదనియు నియమములు విధించెను. కాని ముందుగా న్యాయమూర్తి యనుమతి కావలెనను కోరికను, చట్టమున లేదని, ఒప్పుకొనలేదు.

2005లో ఢిల్లీయందు జరిగినది వినుడు. రాజ్యసభ సభ్యుడైన అమర్ సింగ్ గారి ఫోనును వినిపింపుమని పోలీసుశాఖ పేర నొక లేఖ ఒక టెలిఫోను కంపెనీకి వచ్చినది. కంపెనీ వెంటనే వినిపించినది. ఆ లేఖ దొంగలేఖ! స్పెల్లింగులే తప్పు, వాక్యములే తప్పు. 2011 మే నెలలో సుప్రీముకోర్టు, ఇన్ని తప్పులున్న లేఖను చూచియు నిజమో కాదో విచారింపని కంపెనీని గట్టిగా మందలించి, ప్రజాసేవ చేయు కంపెనీకి జాగ్రత్త దాని విధిలోనే యిమిడియున్నదని చెప్పెను. అమర్ సింగ్ గారి పిటిషను, ఆయన తన మాట తాను మార్చుకొనినందున, కొట్టివేయబడినది; అది వేఱు సంగతి. కంపెనీకి చెప్పిన మాట మిగిలినది. అమెరికా శాసనసభ తుడిచివేసినది ఈ మాటనే. లేఖ వచ్చినది, నమ్మితిమి, ఇచ్చితిమి యనునదే చాలునన్న, దొంగలేఖకును దొరలేఖకును తేడా చూడవలసిన యక్కఱ కంపెనీకి ఏమున్నది?

1885 చట్టము స్థానమున 2023లో క్రొత్త టెలికమ్యూనికేషను చట్టము వచ్చినది. వినుట విషయమై 2024 డిసెంబరులో క్రొత్త నియమములు ప్రకటించిరి. కేంద్రమున కేబినెట్ కార్యదర్శి, రాష్ట్రమున ప్రధాన కార్యదర్శి పెద్దలుగా నుండు పునర్విమర్శ కమిటీలే ఇప్పటికిని దిక్కు. ఉత్తరువిచ్చువారును కార్యదర్శులే, ఆ యుత్తరువు న్యాయమా యని చూచువారును కార్యదర్శులే. న్యాయమూర్తి లేడు. వినబడినవానికి, పని ముగిసిన పిదపనైన, నిన్ను వింటిమని చెప్పువారు లేరు. 2024 మార్చిలో హైదరాబాదున, రాష్ట్ర గూఢచారి విభాగములో పనిచేసిన కొందరు పోలీసు అధికారులపై ఫోనులు అక్రమముగా వినిరను అభియోగమున కేసు పెట్టిరి. నిజానిజములు కోర్టు తేల్చవలసినవి. మేము వేలు పెట్టము. కాని ఆ వార్త వచ్చిన దినములలో ఎందఱు మాది గూడ వినిరేమో యని పత్రికాఫీసుల కడకు వచ్చి యడిగిరో! వారికి చెప్పగల యుద్యోగి యెవ్వడును లేడు.

పునర్విమర్శ కమిటీలో న్యాయమూర్తి నొకనిని చేర్చవలెననియు, వినుట ముగిసిన కొంతకాలమునకు వినబడినవానికి తెలుపవలెననియు, చట్టబద్ధమైన యుత్తరువు లేకుండ తీగె నప్పగించిన కంపెనీకి వెనుకటి తేదీనుండి క్షమనిచ్చు చట్టమేదియు చేయరాదనియు మన పార్లమెంటు సభ్యులకు పంపుటకు ఒక మహజరు వ్రాసియుంచితిమి. అది ఈ మందిరపు బల్లమీద నున్నది. చదివి, తప్పులుండిన దిద్ది, సమ్మతించువారు సంతకము చేయవచ్చును. వచ్చు ఆదివారము వరకు అచ్చటనే యుంచెదము.